మూడు కాలువలు, ఒక హెడ్ స్లూయిస్: ఆరేళ్లుగా మెయిల్ రూటింగుకు పోస్ట్‌ఫిక్స్

రాజమండ్రి హెడ్డాఫీసులో ఒక హబ్. కాకినాడ, అమలాపురం, భీమవరం బ్రాంచీల్లో తలో మెయిల్ సర్వర్. బయటి మెయిలంతా ముందు హబ్‌లో దిగి, ఏ ఊరిది ఆ ఊరికి పోతుంది. ధవళేశ్వరం దగ్గర గోదారి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచినట్టే. ఈ పంపకానికి ఆరేళ్లుగా వాడుతున్నది పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్. వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాశారు, 1998లో బయటికొచ్చింది, ఉచితం. ఇన్నేళ్లలో అది తనంతట తాను కూలబడింది లేదు. ఇబ్బందులన్నీ సెట్టింగుల దగ్గరే, వాటిలోనూ సగం డీఫాల్టులను అలాగే వదిలేయడం వల్ల వచ్చినవే.

దారి చూపేది ట్రాన్స్‌పోర్ట్ ఫైలు. ఎడమవైపు బ్రాంచి డొమైన్. కుడివైపు ఎస్ఎంటీపీ (సర్వర్ల మధ్య మెయిల్ పంపే పద్ధతి), కోలన్, స్క్వేర్ బ్రాకెట్లలో బ్రాంచి సర్వర్ పేరు. ఆ బ్రాకెట్లు అలంకారం కాదు. అవి ఉంటే ఎంఎక్స్ రికార్డు (ఒక డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే నమోదు) వెతక్కుండా నేరుగా ఆ సర్వర్‌కే పోతుంది. మర్చిపోయి డొమైన్ పేరే రాశారో, ఎంఎక్స్ చూస్తుంది. అక్కడుండేది హబ్ పేరే కనక మెయిల్ తిరిగి హబ్‌కే వస్తుంది. లాగులో (సర్వర్ రాసుకునే చిట్టాలో) ‘లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్’ కనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే. ఫైలు మార్చాక, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే పట్టికగా మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండు కొట్టాలి, ఆ తర్వాత అదే కమాండుకు మైనస్ క్యూ పెట్టి డొమైన్ అడిగి జవాబు సరిపోల్చుకోవాలి. లైను మొదట్లో ఒక్క స్పేస్ పడినా అది పై లైనుకు కొనసాగింపు అయిపోతుంది. ఇది కంటికి ఆనదు, ఆ ప్రశ్నోత్తరంతోనే బయటపడుతుంది. కొత్త లినక్సుల్లో కొన్నిటికి హ్యాష్ రకం పట్టికలు లేవు. పోస్ట్‌కాన్ఫ్ మైనస్ ఎమ్ కమాండుతో ఏ రకాలు ఉన్నాయో చూసుకుని ఎల్ఎండీబీ అనే రకానికి మారాలి.

సబ్‌డొమైన్ల దగ్గర ఒక మెలిక. రిలే డొమైన్స్‌లో (హబ్ ఏ డొమైన్ల మెయిల్ తీసుకుని ముందుకు పంపాలో చెప్పే సెట్టింగులో) అసలు డొమైన్ రాస్తే దాని సబ్‌డొమైన్లకూ డీఫాల్టుగా అనుమతి వచ్చేస్తుంది. ట్రాన్స్‌పోర్ట్‌లో అలా కాదు, ముందు చుక్క పెట్టిన లైను విడిగా రాయాలి. లేకపోతే గుమ్మంలోకి రానిచ్చి దారి చూపనట్టే. ఇక బ్రాంచి డొమైన్ పొరపాటున హబ్ మైడెస్టినేషన్‌లోనూ (హబ్ తన సొంతమనుకునే డొమైన్ల జాబితాలోనూ) ఉంటే, హబ్ తన దగ్గరి యూజర్ల పట్టికలో పేరు వెతికి, లేదని తిప్పి పంపేస్తుంది.

బ్రాంచిలో ఎవరెవరున్నారో హబ్‌కు తెలియాలి. చాలామంది వదిలేసే పని ఇదే, దెబ్బ తీసేదీ ఇదే. రిలే రెసిపియెంట్ మ్యాప్స్ (బ్రాంచీల్లోని అడ్రసుల పట్టిక) ఖాళీగా ఉంటే హబ్ ఏ పేరుకు వచ్చిన మెయిలైనా తీసుకుంటుంది. ఆ పేరు లేకపోతే బ్రాంచి 550 అనే కోడుతో తిరస్కరిస్తుంది. అప్పుడు హబ్ బౌన్స్ (అందలేదని చెప్పే తిరుగు మెయిల్) తయారుచేసి పంపినవారికి తోస్తుంది. స్పామ్‌లో పంపినవారి అడ్రసే దొంగది కనక, సంబంధం లేనివాళ్ల పెట్టెల్లో మన బౌన్సులు పడి, చివరికి మన ఐపీ బ్లాక్‌లిస్టుకు ఎక్కుతుంది. పట్టిక నిలబెట్టడం బరువనుకుంటే రిజెక్ట్ అన్‌వెరిఫైడ్ రెసిపియెంట్ అనే సెట్టింగు ఉంది: హబ్ ముందు బ్రాంచిని అడిగి, తర్వాత ఒప్పుకుంటుంది. కానీ ‘లేరు’ అన్న జవాబును దాచుకుని, డీఫాల్టుగా 3 గంటలు దాటాకే మళ్లీ అడుగుతుంది. పొద్దున్న చేరిన గుమాస్తా పేరుకు అకౌంటు తెరవకముందే ఎవరో మెయిల్ పెడితే, మధ్యాహ్నం దాకా ఆ పేరు అందదు. అందుకే మా ఓటు పట్టికకే.

కోనసీమ వైపు కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. బ్రాంచి అందకపోతే మెయిల్ హబ్ క్యూలో ఆగుతుంది. మళ్లీ ప్రయత్నం 300 సెకన్ల నుంచి మొదలై 4000 సెకన్ల దాకా సాగుతుంది. అంటే లైను వచ్చాక కూడా గంటకు పైగా ఆలస్యం కావచ్చు. ఆ పై హద్దును, అంటే మాగ్జిమల్ బ్యాకాఫ్‌ను, 900కు దించితే సరిపోయింది. బ్రాంచి లేవగానే పోస్ట్‌క్యూ మైనస్ ఎస్ కమాండుతో ఆ డొమైన్ ఒక్కటే కదపండి. మైనస్ ఎఫ్ కొడితే బయట చచ్చిన అడ్రసులతో సహా క్యూ మొత్తం లేస్తుంది. క్యూలో నిలవ ఉండే గడువు 5 రోజులు. 2018లో కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ లాంటి తుపాను మళ్లీ వస్తే ఆ గడువు చాలకపోవచ్చు. అలాంటి వారం ముందే 10 రోజులకు పెంచడం మంచిది, డిస్కులో చోటు చూసుకుని. డిలే వార్నింగ్ టైమ్ డీఫాల్టుగా సున్నా, అంటే హెచ్చరిక లేదు. 4 గంటలు పెడితే మెయిల్ ఇంకా అందలేదని పంపినవారికి కబురు వెళ్తుంది, ఫోన్లు తగ్గుతాయి.

ఒక్కో మెయిల్‌కు డీఫాల్టు సైజు పరిమితి 1,02,40,000 బైట్లు. అటాచ్‌మెంటు బేస్64లోకి (ఫైలును మెయిల్‌లో పంపగల అక్షరాలుగా మార్చే పద్ధతిలోకి) మారి మూడోవంతు ఉబ్బుతుంది కనక, 8 ఎంబీ ల్యాబ్ రిపోర్టు కూడా ఆగిపోతుంది. రొయ్యల ఎగుమతి కాగితాలకు ఇది చాలదు. పెంచేటప్పుడు బ్రాంచీల్లో ముందు, హబ్‌లో చివర పెంచండి. తిరగేస్తే హబ్ తీసుకున్నది బ్రాంచి తోసేస్తుంది, మళ్లీ అదే బౌన్సుల గొడవ.

వెబ్ పేజీలో బటన్లు నొక్కి నడపాలనుకునేవారికి ఇది నప్పదు. లాగు చదవగలిగితే మాత్రం దీన్ని మించిన సాయం లేదు. ప్రతి డెలివరీ లైనులో ‘డిలేస్’ పక్కన నాలుగు అంకెలుంటాయి: క్యూ మేనేజర్‌కు (క్యూను నడిపే భాగానికి) చేరేదాకా, క్యూ మేనేజర్‌లో, కనెక్షన్ కుదరడానికి, మెయిల్ దాటించడానికి పట్టిన సెకన్లు. మూడోది పెద్దదైతే డీఎన్ఎస్ (పేరును బట్టి సర్వర్ అడ్రసు వెతికే వ్యవస్థ) లేదా లైను తేడా. నాలుగోది పెద్దదైతే అటాచ్‌మెంటు బరువో, బ్రాంచి డిస్కు నెమ్మదో. ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేసే ముందు ఆ మూడో అంకె చూసుకోండి.