వీధిపిల్లి ఇంట్లో కుదురుకోవాలంటే: ఏడాదికి పైగా వాడిన బెంటోనైట్ లిట్టర్

వీధిపిల్లిని ఇంట్లో పెట్టుకుందామనుకునే వాళ్లు ముందు తిండి గురించి అడుగుతారు. తిండికేం, బయట బతికిన పిల్లి ఉడికించిన కోడి ముక్కలు వేస్తే మారు మాట్లాడకుండా తింటుంది. ఒంటికీ రెంటికీ ఎక్కడికి పోతుందన్నదే అసలు టెన్షన్. ఆ పని ఇంట్లో కుదిరితే పిల్లి ఉంటుంది. కుదరకపోతే తెల్లవార్లూ తలుపు గీకుతుంది, లేదంటే పరుపు మీదే కానిచ్చేస్తుంది. మా ఇంట్లో ఆ పని కుదిర్చింది ముద్దకట్టే రకం బెంటోనైట్ లిట్టర్, అంటే పిల్లి ఒంటికీ రెంటికీ పోవడానికి టబ్బులో పోసే ఒక రకం బంకమట్టి పలుకులు.

మాది హన్మకొండలో రెండో అంతస్తు ఫ్లాట్. మా పిల్లి రాణి అంతకుముందు పక్క ప్లాట్‌లో ఇంటి పనికి పోసిన ఇసుక కుప్పను వాడుకునేది. ములుగు వైపు నుంచి లారీలో వచ్చిన గోదావరి ఇసుక అది. మేస్త్రీ పొద్దున్నే దాన్ని తిట్టి గానీ పని మొదలుపెట్టేవాడు కాదు. పిల్లికి గోతిలో పోయి కప్పెట్టే అలవాటు పుట్టుకతోనే ఉంటుంది కాబట్టి, కాలికి తెలిసిన మట్టి ఇంట్లో దొరికితే చాలు. అందుకే మొదట్లో టబ్బులో సగం ఆ కుప్పలోని ఇసుక, సగం లిట్టర్ పోశాను. ఆ ఇసుకలో దాని వాసన ఉంది, నేర్పాల్సిన పని లేకుండా పోయింది. తర్వాత ఇసుక పాలు తగ్గించుకుంటూ వచ్చాను.

ఉత్త ఇసుకే పోస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. సరిపోదు. మూత్రం అడుగుకు దిగి వాసన పట్టేస్తుంది, టబ్బంతా మార్చాల్సి వస్తుంది. మిల్లు నుంచి తెచ్చే వడ్ల ఊక అగ్గువ, తేలిక. కానీ ఫ్యాను వేస్తే ఇల్లంతా ఊకే. బెంటోనైట్ మాత్రం తడి తగిలిన చోటే ఉబ్బి గడ్డ కడుతుంది. జల్లి గరిటెతో ఆ గడ్డ తీసేస్తే మిగతాది శుభ్రంగానే ఉంటుంది. రెండు మూడు అంగుళాల మందాన పోయాలి, పలచగా పోస్తే గడ్డ టబ్బు అడుగుకు అంటుకుని గీకలేక చేతులు పడిపోతాయి.

బాగోలేనివి కూడా ఉన్నాయి. దుమ్ము ఎక్కువ. నల్ల గ్రానైట్ మీద పాదాల అచ్చులు కనిపిస్తూనే ఉంటాయి. టబ్బు ముందు గోనెపట్ట పరిచాక కొంత తగ్గింది. ఎండాకాలం కూలర్ గాలి నేరుగా తగిలితే ఆ తేమకు పైపొర జిగురు పడుతుంది, వానాకాలం విప్పిన సంచీదీ అదే కథ. మూత ఉన్న బియ్యం డబ్బాలో పోసి పెట్టుకోవడం మేలు. లావెండర్ వాసన కలిపిన రకం మనుషుల ముక్కు కోసం చేసింది. రాణి దాన్ని ఒకసారి వాసన చూసి, నేరుగా చెప్పుల స్టాండ్ వెనక్కి పోయింది. ఏ వాసనా లేనిదే కొనండి. వాడింది మరుగుదొడ్డిలో వేయకూడదు, పైపులో ఉబ్బి కూర్చుంటుంది. పొట్లం కట్టి చెత్త బండిలో వేయాలి. మరీ చిన్న కూనలు నోట్లో పెట్టుకుంటాయి, వాటికి ఈ ముద్దకట్టే రకం వద్దు.

మూత ఉన్న ఫ్యాన్సీ డబ్బాకు డబ్బు దండగ. వీధిలో పెరిగిన పిల్లి కూర్చున్నప్పుడు నాలుగు వైపులా చూసుకోవాలనుకుంటుంది. ప్లాస్టిక్ సామాను దుకాణంలో దొరికే వెడల్పాటి టబ్బు చాలు. తిండి గిన్నెకు దూరంగా, వాషింగ్ మెషీన్ చప్పుడు లేని మూల పెట్టాలి.

మా చెల్లె పురిటికి వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద పంచాయితీ. "చెల్లె వట్టి మనిషి కాదు బిడ్డా, ఆ పిల్లిని ఎక్కడన్న ఇడిచిపెట్టి రారాదు" అని అమ్మ. అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. అయితే బయటికి వచ్చిన ఒకటి నుంచి ఐదు రోజుల తర్వాతే అది అంటుకునే స్థితికి వస్తుంది. ఏ రోజుది ఆ రోజే తీసేస్తే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. గరిటె పని చెల్లె జోలికి పోకుండా నేనే చేతికి గ్లవుజులు వేసుకుని చేశాను, పిల్లికి పచ్చి మాంసం మానేశాం. ఇసుకలో ఏ రోజుది ఏదో తెలియదు, గడ్డ కట్టే దాంట్లో తెలుస్తుంది. అమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, పంచాయితీ అక్కడితో ఆగింది.

లిట్టర్ ఒక్కటే పిల్లిని ఇంట్లో ఉంచదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించక ముందు ఎదకు వచ్చినప్పుడు రాణి అరుపులకు కింది పోర్షన్ వాళ్లు కూడా లేచేవాళ్లు. ఆపరేషన్, రేబిస్ టీకా, బాల్కనీకి గట్టి వల, ఈ మూడూ తప్పవు.

దుమ్ము పోరు పడలేక ఇప్పుడు రెండో టబ్బులో చెక్క గుళికలు పోసి చూస్తున్నాను. రాణి మధ్యాహ్నం పూట వాటి మీద నిద్రపోతోంది, అంతకు మించి ఇంకేం చేయడం లేదు. కాబట్టి వచ్చే నెలకు కూడా బెంటోనైట్ సంచీయే ఆర్డర్ పెట్టాను.