నడుము బెల్టుతో 14 నెలలు, మధ్యలో ఒక మారథాన్

ముందు నా నొప్పి ఏ రకమో చెప్పాలి. నడుము నొప్పులన్నీ ఒకటి కావు, నాకు పనికొచ్చింది మీకు పనికిరాకపోవచ్చు. 42.195 కిలోమీటర్ల మారథాన్ కోసం 16 వారాల ప్లాన్ పెట్టుకుని తొమ్మిదో వారంలో ఉన్నాను. ముందురోజు 24 కిలోమీటర్లు పరిగెత్తాను, ఏ ఇబ్బందీ లేదు. పొద్దున లేచి, నేల మీదున్న బూటు అందుకుందామని వంగానంతే, నడుము పట్టేసింది. నిలబడలేను, కూర్చోలేను. సాయంత్రానికి నొప్పి ఎడమ పిరుదు మీదుగా పిక్క దాకా దిగింది, పాదం బయటి అంచు మొద్దుబారింది. వెన్నెముక అడుగున ఎల్5, ఎస్1 అనే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోందని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ అక్కర్లేదు, కొన్నాళ్లు మందులు, ఫిజియోథెరపీ చాలన్నారు. ఈ బెల్టు ఆ వారంలోనే కొన్నాను.

మామూలు లంబార్ బెల్టే. వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ, వెనక నాలుగు లోహపు బద్దలు, ముందు వెల్క్రో, ఇంకాస్త బిగించుకోవడానికి పక్కల రెండు చిన్న పట్టీలు. సైజు కోసం ప్యాంటు కొలత చూడకండి. బొడ్డు మీదుగా టేపు చుట్టి కొలుచుకోండి. నేను ప్యాంటు కొలత చూసి కొన్న మొదటిది సరిపోక మార్చుకోవాల్సి వచ్చింది.

మొదటి మూడు వారాలు ఇది లేకపోతే చాలా కష్టమయ్యేది. పెట్టుకుంటే ఎవరో రెండు చేతులతో నడుము పట్టుకున్నట్టు ఉంటుంది. కుర్చీలోంచి లేచే ఆ రెండు క్షణాల భయం తగ్గుతుంది. పొరపాటున వంగబోతే బద్ద పక్కటెముకల కింద గుచ్చుకుని ఆపుతుంది. నాకు దొరికిన మేలంతా దాదాపు అదే, అది వంగనివ్వలేదు.

నేను చేసిన తప్పు తర్వాత మొదలైంది. నొప్పి తగ్గేసరికి బెల్టు బిగించి పరుగుకి వెళ్లాను. మూడో కిలోమీటరుకే అది పైకి జరిగి పక్కటెముకల మీదికి వచ్చేది, పొట్టతో ఊపిరి తీయనిచ్చేది కాదు. చెమటకి నడుము చుట్టూ ఎర్రటి దద్దుర్లు. అవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు నష్టం వేరే జరిగింది. బెల్టు ఉన్నంతసేపూ నొప్పి పైకి తెలియలేదు. ఆ ధైర్యంతో ఒక ఆదివారం 12 కిలోమీటర్లు లాగేశాను. ఇంటికొచ్చి వెల్క్రో ఊడదీసిన పది నిమిషాలకి కరెంటు షాక్ కొట్టినట్టు పిక్క దాకా జివ్వుమంది. మళ్లీ మూడు వారాలు పోయాయి. ఫిజియో అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది: "బెల్టు లేకుండా పరిగెత్తలేనప్పుడు, మీరింకా పరుగుకి సిద్ధం కానట్టేనండి."

బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నడుము నొప్పికి బెల్టులు ఇవ్వొద్దనే రాసింది. అది చదివాక దీన్ని పూర్తిగా పక్కన పెట్టేద్దామనుకున్నాను. చివరికి ప్రయాణాలకి, ఎక్కువసేపు నిలబడాల్సిన రోజులకి మాత్రం ఉంచుకున్నాను. పరుగుకి మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

నడుముని నిలబెట్టింది రోజూ చేసిన మూడు కసరత్తులు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద ఏళ్ల తరబడి పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ఎంచినవి. వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, చేతులు నడుము కింద పెట్టుకుని తల, భుజాలు కొద్దిగా లేపడం ఒకటి. పక్కకి తిరిగి, మోచేయి మీద ఆని నడుము లేపి ఒళ్లు తిన్నగా ఉంచే సైడ్ ప్లాంక్ రెండోది. చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడిచేయి, ఎడమకాలు చాచి, తర్వాత మార్చి చేయడం మూడోది. ఒక్కో పట్టు 10 సెకన్లే. మొదట ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగు, తర్వాత రెండు. అంత చిన్నవాటితో ఏమవుతుందనిపిస్తుంది. నాకు రెండు నెలలకి తేడా తెలిసింది. లాంగ్ రన్ చివర్లో నడుము కుంగిపోవడం తగ్గింది.

ఇంకో మార్పు పొద్దున పూట. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. నాకు పట్టేసింది సరిగ్గా ఆ వేళలోనే. అందుకే ఇప్పుడు బూట్లు రాత్రే లేసులు వదులు చేసి కుర్చీ మీద పెట్టుకుంటాను. పొద్దున పాదాన్ని ఎత్తుపీట మీద పెట్టి కట్టుకుంటాను. లేచిన గంటలోపు పరుగుకి వెళ్లను.

పరుగు మళ్లీ మొదలుపెట్టింది ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడకతో. ఎంత పెంచాలన్నది నొప్పి ఉన్న చోటుని బట్టి చూసుకున్నాను. నొప్పి కాలిలోంచి వెనక్కి నడుములోకి వస్తుంటే మంచి గుర్తు, నడుము దగ్గర కాస్త ఎక్కువనిపించినా కంగారు పడక్కర్లేదన్నారు ఫిజియో. కిందికి, పిక్క వైపు దిగుతుంటే ఆ రోజుకి ఆపేయాలి. అడుగులు కూడా చిన్నవి చేశాను, నిమిషానికి 160 వేసేవాణ్ణి 170కి పెంచి. దిగుడు రోడ్ల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలహీనపడుతున్నా బెల్టు, కసరత్తు అని కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

బెల్టు మన్నిక ఓ మాదిరి. ఐదో నెలకి వెల్క్రో నూగు పట్టి పట్టు వదిలేసింది. పాత టూత్ బ్రష్‌తో రుద్దితే కొన్నాళ్లు నడిచింది. తొమ్మిదో నెలలో ఒక బద్ద దాని అరలోంచి గుడ్డ చీల్చుకుని బయటికొచ్చింది, కుట్టించాను. ఉతికేటప్పుడు బద్దలు తీసేయాలి, వెల్క్రో మూసి ఉంచాలి, నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే ఎలాస్టిక్ సాగిపోతుంది, నాది అలాగే కొంత సాగింది. ఐదుకి మూడు ఇస్తాను. ఆ మూడూ మొదటి మూడు వారాలకే.

పదమూడో నెలలో మారథాన్ పరిగెత్తాను. 35వ కిలోమీటరు దాటాక నడుములో పాత లాగుడు మొదలైంది. ఆగి, చేయి నడుము మీద పెట్టుకుని, నొప్పి ఎక్కడుందో చూసుకున్నాను. పిక్కలో లేదు, పాదంలో లేదు, నడుములోనే ఉంది. రెండు నిమిషాలు నడిచి మళ్లీ పరుగు అందుకున్నాను. గీత దాటినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఆరు గంటలు కూర్చోవాలి. సంచిలోంచి బెల్టు తీసి పెట్టుకున్నాను.