పికప్ హెడ్‌లైటు బల్బులు: ఏళ్ల తరబడి వాడాక తేలినది

బల్బు డబ్బా మీద "150 శాతం అదనపు వెలుతురు" అని కనిపించగానే చాలామంది చేయి దాని మీదికే పోతుంది. ఆ అంకెకు అర్థం తెలుసుకుని కొనడం మంచిది. నా పికప్‌కు పట్టేది హెచ్4 అనే రకం హాలోజన్ బల్బు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు (వేడెక్కి వెలిగే సన్నని తీగలు) ఉంటాయి: హై బీమ్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. యూరప్ ప్రమాణం ప్రకారం 13.2 వోల్టుల దగ్గర హై బీమ్ 1650 ల్యూమెన్లు (వెలుతురు కొలత), డిమ్ 1000 ల్యూమెన్లు ఇవ్వాలి. అటూ ఇటూ 15 శాతం తేడా వరకే అనుమతి. అంటే ఆ ప్రమాణానికి లోబడి తయారైన ఏ హెచ్4 బల్బూ డిమ్‌లో 1150 ల్యూమెన్లు దాటకూడదు.

మరి ఆ 150 శాతం ఎక్కడిది? మొత్తం వెలుతురు లెక్క కాదది. బండి ముందు రోడ్డు మీద ఎంచుకున్న చోట్ల పడే వెలుతురును, చట్టం కోరే కనీస స్థాయితో పోల్చి చెప్పే లెక్క. ఈ రకం బల్బుల్లో ఫిలమెంటును చిన్నదిగా, బిగువుగా చుట్టి, చాలా జాగ్రత్తగా అమరుస్తారు. వెలుతురు చిన్న చోటి నుంచి గాఢంగా వస్తుంది కాబట్టి రిఫ్లెక్టరు (బల్బు వెనుకనున్న అద్దం లాంటి గిన్నె) దాన్ని దూరానికి విసరగలుగుతుంది. నాకు కనిపించిన తేడా కూడా అదే. బండి ముందు నేల పెద్దగా మారలేదు. డిమ్ వెలుతురు అంచు దగ్గర, ఇంతకుముందు మసకగా ఉండే చోట, రోడ్డు పక్క గుంతలు, నడిచి వెళ్లేవారి కాళ్లు స్పష్టంగా కనబడసాగాయి. రాత్రి బండి నడిపేవారికి కావలసింది ఇదే. అందుకే ఎక్కువ ఖరీదైనా ఇప్పటికీ ఈ రకమే వాడుతున్నాను.

నీలి రంగు పూత ఉన్న బల్బులను మాత్రం ఎవరికీ చెప్పను. హాలోజన్ వెలుతురు సహజంగా కొంచెం పసుపు. అందులోని పసుపు, ఎరుపులను పూత ఆపేస్తేనే తెల్లగా కనిపిస్తుంది. ఆపిన వెలుతురు రోడ్డు మీదికి రాదు. చూడటానికి కొత్త బండిలా ఉంటుంది, వాన కురిసే రాత్రి తడి రోడ్డు మీద అసలు సంగతి బయటపడుతుంది.

ఎల్ఈడీల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెలిసినవారి దగ్గరున్న జతను నా బండికి బిగించి కొన్ని రాత్రులు నడిపాను. మొదటి చూపులో అబ్బురపరుస్తాయి. బండి ముందు నేలంతా పాలు పోసినట్టు తెల్లగా వెలుగుతుంది. అయితే దగ్గర నేల అంతగా వెలిగితే కన్ను దానికే అలవాటు పడి, దూరం ఇంకా చీకటిగా అనిపిస్తుంది. గోడ ముందు నిలిపి చూస్తే కారణం తెలిసింది. హాలోజన్ పెట్టినప్పుడు డిమ్ వెలుతురు పైఅంచు గీత గీసినట్టు ఉంది. ఎల్ఈడీ పెట్టినప్పుడు ఆ గీత చెదిరి, పైన చారలు చారలుగా వెలుతురు పాకింది. రిఫ్లెక్టరును సన్నని ఫిలమెంటు కోసం తయారు చేశారు. దాని స్థానంలో పలక రెండు వైపులా అతికించిన చిప్పులు పెడితే వెలుతురు వేరే చోటి నుంచి మొదలవుతుంది. పైకి పాకిన ఆ చారలు ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడతాయి. పికప్ దీపాలు అసలే ఎత్తులో ఉంటాయి. ఎదుటి మనిషికి కళ్లు బైర్లు కమ్మితే అతని బండి నా మీదికే రావచ్చు. చాలా దేశాల్లో హాలోజన్ దీపంలో ఎల్ఈడీ బల్బు పెట్టడం నిషిద్ధం. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్ఈడీ బల్బులకు అనుమతి ఇచ్చారు, అదీ పరీక్షించి ఒప్పుకున్న వాహన నమూనాలకే. ఫ్యాక్టరీలోనే ఎల్ఈడీ దీపం మొత్తంగా వచ్చిన బండి సంగతి వేరు, అందులో రిఫ్లెక్టరు, లెన్సు దాని కోసమే పుట్టినవి.

100/90 వాట్ల బల్బుల (హై బీమ్‌కు 100, డిమ్‌కు 90) జోలికి పోవద్దు. 12 వోల్టుల మీద ఒక్కో బల్బు 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. మామూలు తీగలు, ప్లాస్టిక్ హోల్డరు అంత వేడికి నిలవవు.

ఇక బల్బు కంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది వైరింగు. ఇంజిను నడుస్తుండగా, దీపాలు వెలుగుతుండగా, మల్టీమీటరుతో చూడండి. నా బండిలో బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులు ఉంటే బల్బు పిన్నుల దగ్గర 12.4 మాత్రమే ఉంది. మిగిలినది సన్నని తీగల్లో, పాతబడిన స్విచ్చిలో, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు దగ్గర పోతోంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 5 శాతం తగ్గితే వెలుతురు సుమారు 16 శాతం తగ్గుతుంది. రెండు రిలేలు (చిన్న కరెంటుతో కదిలి పెద్ద కరెంటును కలిపే స్విచ్చిలు) పెట్టించి, బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా మందపాటి తీగలు లాగించాను. పాత తీగల పని ఇప్పుడు రిలేను కదపడమే. ఎర్త్ పాయింటును గీకి శుభ్రం చేయించాను. అవే బల్బులు వేరే బల్బుల్లా వెలిగాయి. అయితే దీపాలను కంప్యూటర్ నియంత్రించే కొత్త బండ్లలో తీగలు కోయకండి.

లెన్సు పసుపు పట్టి మసకబారితే ఎంత మంచి బల్బూ వృథా. నీళ్లు చల్లుతూ సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ పూత వేయాలి. పూత లేకపోతే మళ్లీ తొందరగానే పసుపెక్కుతుంది.

పికప్ నడిపేవారు తప్పనిసరిగా చూడాల్సింది దీపం వంపు. ఖాళీ బండిని గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, డిమ్ అంచు దీపం మధ్య భాగం కంటే 10 సెంటీమీటర్లు కిందికి పడేలా సరిచేస్తే అది 1 శాతం వంపు. దీపం ఎత్తుగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఇప్పుడు వెనుక లోడు ఎక్కించండి. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 3 మీటర్లున్న బండి వెనుక వైపు 3 సెంటీమీటర్లు కుంగితే చాలు, ఆ వంపు మొత్తం మాయమవుతుంది. వెలుతురు రోడ్డు వదిలి ఎదుటివారి ముఖాల మీదికి పోతుంది. డాష్‌బోర్డులో 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న తిప్పుడు మీట ఇందుకే ఉంది. లోడు వేశాక నేను మొదట ముట్టేది దాన్నే. అది లేని బండ్లలో దీపం వెనుకనున్న సర్దుబాటు స్క్రూతో చేసుకోవాలి.

ఆయుష్షు విషయంలో మాత్రం మెరుగైన బల్బులు తీసికట్టే. గాఢంగా వెలిగే ఫిలమెంటు త్వరగా అరిగిపోతుంది. రిలే పెట్టించాక వోల్టేజి కూడా పెరిగింది కాబట్టి ఇంకా త్వరగా పోతాయి: వోల్టేజి 5 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రాత్రంతా తిరిగే బండికి ఈ ఖర్చు బరువే. అలాంటివారు ఎక్కువ కాలం మన్నే మామూలు బల్బులు పెట్టి, డబ్బు వైరింగు మీద పెట్టడం మేలు. రెండు బల్బులనూ ఒకేసారి మార్చండి, గాజును వేలితో తాకకండి. పనిచేస్తున్న పాత బల్బును పారేయకుండా డబ్బాలో పెట్టి బండిలోనే ఉంచండి.