శాంటా ఫే ప్లాజా: అమ్మతో మూడు రోజులు

అనంతపురం నుంచి అమ్మ ఆరు నెలలుందామని డాలస్‌కి, మా దగ్గరికి వచ్చింది. గుళ్లు, మాల్స్ అన్నీ తిరిగేశాక న్యూ మెక్సికోలోని శాంటా ఫేకి బయల్దేరదీశాం. దాదాపు 640 మైళ్లు. అమ్మ మోకాళ్లు గుర్తుపెట్టుకుని మధ్యలో అమరిల్లోలో ఒక రాత్రి ఆగాం. విమానంలో వచ్చేవాళ్లు ఆల్బుకర్కీలో దిగి రైల్ రన్నర్ అనే రైలు ఎక్కొచ్చు, స్టేషన్ నుంచి ప్లాజాకి నడిచే పోవచ్చు.

ప్లాజా అంటే పెద్ద మైదానం అనుకోకండి. నాలుగు చెట్లు, బెంచీలు, చుట్టూ వీధులు. ఐదు నిమిషాల్లో చుట్టి రావచ్చు. దాని ఉత్తరం వైపు 1610లో స్పెయిన్ వాళ్లు కట్టుకున్న గవర్నర్ల భవనం ఇంకా నిలబడే ఉంది. దాని వసారాలోకి అడుగుపెట్టగానే అమ్మ తలెత్తి చూసి, "ఏమిరా, ఇది మీ తాత మిద్దె మాదిరే ఉందే" అంది. నిజంగానే మట్టి గోడలు, పైన వరసగా మాను దూలాలు. మట్టిలో గడ్డి కలిపి ఎండబెట్టిన పచ్చి ఇటుకల్ని ఇక్కడ అడోబీ అంటారు. మా ఊళ్లో దూలాల మీద దంతెలు పరిచి చౌడు పోసేవారు. వీళ్లూ సన్న కట్టెలు పరిచి పైన మట్టి పోసేవారట.

అయితే ఊళ్లో కనిపించే మట్టి రంగంతా మట్టి కాదు. పాత ఊళ్లో ఏది కట్టినా పాత పద్ధతిలాగే కనబడాలని 1957లో రూల్ పెట్టారు. దాంతో చాలావాటికి సిమెంట్ మీద మట్టి రంగు పూతే. మా ఆవిడకి అది సినిమా సెట్టింగ్‌లా అనిపించింది. నేను మాత్రం, గాజు భవనాలు లేని ఊరు దొరికిందే చాలనుకున్నాను.

1680లో ఇక్కడి ఆదివాసులైన ప్యూబ్లో ప్రజలు తిరగబడి స్పెయిన్ వాళ్లని ఊళ్లోంచి తరిమేశారు. వాళ్లు మళ్లీ రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ గవర్నర్ల వసారాలోనే ప్యూబ్లో, నవాహో తెగల కళాకారులు గోడ వారన గుడ్డలు పరుచుకుని నగలు, కుండలు అమ్ముతుంటారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో పొద్దున్నే చీట్లు తీసి తేల్చుకుంటారు. చేత్తో చేసినవే అమ్మాలి, నగ మీద చేసినవాళ్ల గుర్తు ఉండాలి. ఒకావిడ నీలిరాయి (టర్కోయిస్) కమ్మల్ని తిప్పి, వెండి మీద గోటి కొన అంత ముద్ర చూపించింది. అమ్మ నా చెవిలో, "సగానికి అడుగురా" అంది. నేను అడగలేదు. ముందు కూర్చున్నది చేసినావిడే, బేరం ఆడడానికి నోరు రాలేదు. పక్క వీధి షాపుల్లోనూ నీలిరాళ్లున్నాయి గానీ, కొనాలంటే ఈ వసారాలోనే కొనండి.

లొరెట్టో చాపెల్‌లో మెలికలు తిరిగిన చెక్క మెట్లకి మంచి పేరుంది. మొత్తం 33 మెట్లు, మధ్యలో స్తంభం లేదు. చూడాల్సిందే గానీ టికెట్ కొనాలి, ఎక్కనివ్వరు, పది నిమిషాల్లో బయటికొచ్చేస్తాం. పక్కనే ఉన్న రాతి కేథడ్రల్ నాకు ఎక్కువ నచ్చింది. పాత మట్టి చర్చిని లోపలే ఉంచి దాని చుట్టూ రాయి పేర్చుకుంటూ వెళ్లి, చివర్లో లోపలి మట్టిది చాలావరకు పడగొట్టారు.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి చవకని ఊరి చివర మోటెల్‌లో దిగాం. పడుకోవడానికి ఫర్వాలేదు గానీ ప్రతిసారీ కారు తియ్యాలి, పార్కింగ్ వెతకాలి. రెండో రాత్రి ప్లాజాకి రెండు వీధుల దూరంలో హోటల్ తీసుకున్నాం. అద్దె రెట్టింపుకి పైనే. పైగా బుక్ చేసినప్పుడు కనబడని పార్కింగ్ రుసుము, ఇంకేదో ఫీజు పొద్దున బిల్లులో తేలాయి. గొడవపడితే ఒకటి తీసేశారు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను. టూరిస్టులు లేచేలోపు ఏడింటికి ఖాళీ ప్లాజాలో అమ్మ తన పాటికి తను నడిచింది, అది మోటెల్ నుంచి కుదరదు. ఊరు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, మొదటి రోజు తలనొప్పి, ఆయాసం రావచ్చు. నీళ్లు బాగా తాగండి.

ఇక తిండి. ఏ హోటల్లో కూర్చున్నా "రెడ్డా, గ్రీనా?" అని అడుగుతారు, మిరప సాస్ సంగతి. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. శాకాహారులైతే ముందే అడగండి. గ్రీన్ చిల్లీలో పంది మాంసం, బీన్స్‌లో పంది కొవ్వు వేసే చోట్లున్నాయి. మాకు రెండు చోట్ల మాంసం లేకుండా కుదరదన్నారు, మూడో చోట చీజ్ ఎంచిలాడాలు (చీజ్ పెట్టి సాస్ పోసిన మొక్కజొన్న రొట్టెలు) దొరికాయి. వాటితో సోపపియ్యా అని పొంగిన పూరీలాంటిది తేనెతో ఇస్తారు. అమ్మ తేనె పక్కకి నెట్టి దాన్ని రెడ్ చిల్లీలో ముంచుకు తింది.

వచ్చేటప్పుడు ఒక పొట్లం ఎర్ర మిరప్పొడి కొన్నాం. డాలస్ వచ్చాక అమ్మ దాంతో టమాటా పచ్చడి చేసి, "రంగుంది, కారమే లేదు" అని మన గుంటూరు కారం ఒక చెంచా కలిపింది.