కొత్త సిరీస్ మొదటి రోజు చవకగా అకౌంట్ ఇస్తామంటే కొనకండి, నావి 2,349 రూపాయలు పోయాయి

కొత్త సిరీస్ ఏదైనా మొదలవుతుందంటే చాలు, జియోహాట్‌స్టార్ లాంటి ఓటీటీ యాప్‌లకి 'ఏడాది ప్రీమియం అకౌంట్ 350కే' అని మెసేజ్‌లు తిరుగుతుంటాయి. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. నేను వెళ్లాను. మొత్తం 2,349 రూపాయలు పోయాయి. అందులో అకౌంట్‌కి కట్టింది 350 మాత్రమే. మిగతా 1,999 ఎలా పోయాయన్నదే మీకు ముఖ్యంగా చెప్పాలి.

ఇది జరిగి చాలా రోజులైంది. సిగ్గేసి ఇన్నాళ్లూ ఇంట్లో తప్ప బయట ఎవరికీ చెప్పలేదు. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చూపించి "ఇది నిజమేనా అండీ, తీసుకోవచ్చా?" అని అడిగింది. దాదాపు అదే మెసేజ్. రేటు మాత్రం 399 చేశారు. అది చూశాక ఊరుకోలేకపోయాను.

నా సంగతి 2025 మార్చిలో, 'డేర్‌డెవిల్: బోర్న్ అగైన్' మొదలైన రోజు జరిగింది. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. మ్యాట్ మర్డాక్ అని చూపు లేని లాయరు. న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్ అనే పేటలో ఉంటాడు. పగలు కేసులు వాదిస్తాడు, రాత్రి ముసుగేసుకుని రౌడీలతో తలపడతాడు. కళ్లు కనపడకపోయినా ఎదుటివాడి గుండె చప్పుడు వినపడుతుంది, వాడు అబద్ధమాడుతున్నాడో లేదో దాన్నిబట్టి పట్టేస్తాడు. పాత సిరీస్ 2015 నుంచి 2018 దాకా మూడు సీజన్లు వచ్చి ఆగిపోయింది. ఆ మూడూ నేనూ మా తమ్ముడూ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒకే ఇయర్‌ఫోన్స్ చెరో చెవికి పెట్టుకుని చూశాం. అమ్మా నాన్నా నిద్రపోయాక. ఇప్పుడు వాడు పుణెలో, నేను కాకినాడలో. అందులో మ్యాట్‌గా చేసిన చార్లీ కాక్స్, విలన్ ఫిస్క్‌గా చేసిన విన్సెంట్ డొనోఫ్రియో ఇద్దరూ మళ్లీ వస్తున్నారని తెలియగానే వాడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మొదటి ఎపిసోడ్ ఇద్దరం ఒకేసారి పెడదాం. నువ్వు ముందు చూసేయకు" అన్నాడు.

మన దగ్గర అది జియోహాట్‌స్టార్‌లో మార్చి 5, బుధవారం పొద్దున్న ఏడున్నర ప్రాంతంలో వచ్చింది. ముందు రోజే దుబాయ్‌లో ఛాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనల్, మనం ఆస్ట్రేలియా మీద గెలిచాం. మ్యాచ్ కోసం కొందరు, సిరీస్ కోసం కొందరు, ఆ వారం ఎక్కడ చూసినా అకౌంట్ల అమ్మకమే. నేనున్న ఒక సినిమా గ్రూపులో ఒకతను పెట్టాడు: "ఫోర్ కె ప్రీమియం, ఏడాదికి 350. మ్యాచ్‌లు, సిరీస్‌లు అన్నీ వస్తాయి. నమ్మకం ఉంటేనే మెసేజ్ చేయండి." కింద 'థాంక్స్ బ్రో, వర్క్ అవుతోంది' అని వరసగా స్క్రీన్‌షాట్లు. అసలు ప్రీమియం ప్లాన్ అప్పట్లో ఏడాదికి 1,499. వెయ్యి పైన మిగులుతుంది కదా అని కట్టేశాను. ఆ స్క్రీన్‌షాట్లు కూడా వాళ్ల మనుషులే పెడతారని అప్పుడు తట్టలేదు.

లాగిన్ ఇచ్చిన పద్ధతి చూసే నాకు అనుమానం రావాల్సింది. ఆ యాప్‌లోకి ఫోన్ నంబరు, దానికొచ్చే ఓటీపీతో వెళ్లాలి. అతను ఒక నంబరు పంపాడు, నేను టీవీలో కొట్టాను, ఓటీపీ అతనికి వెళ్లింది, అతను నాకు చెప్పాడు. అంటే ఇంటి అద్దె నేను కట్టాను, తాళంచెవి మాత్రం అతని జేబులోనే ఉంది. ఎప్పుడు బయటికి నెట్టినా మళ్లీ లోపలికి రావాలంటే అతన్నే బతిమాలుకోవాలి.

ఆ పొద్దున్న తమ్ముడు కాల్‌లో ఉన్నాడు. ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరం ఒకేసారి ప్లే నొక్కాం. (సిరీస్ ఇంకా చూడనివాళ్లు ఈ పేరా, తర్వాతి పేరా వదిలేయండి.) పాత స్నేహితులు ముగ్గురు, మ్యాట్, ఫాగీ, కేరెన్, జోసీ బార్‌లో నవ్వుకుంటూ ఉంటారు. వాళ్లను మళ్లీ అలా ఒకచోట చూసేసరికి నాకు గొంతు పట్టేసింది. కొద్ది నిమిషాలకే మ్యాట్ పాత శత్రువు బుల్స్‌ఐ వస్తాడు. బార్ బయట ఫాగీకి తూటా తగులుతుంది. మ్యాట్ వాడితో లోపల కొట్టుకుంటూ, మెట్ల మీద కొట్టుకుంటూ పైకి వెళ్తుంటాడు. కింద రోడ్డు మీద పడి ఉన్న స్నేహితుడి గుండె చప్పుడు అతని చెవిలో పడుతూనే ఉంటుంది. అది నెమ్మదిస్తోంది. ఎన్నో మాటలతో చెప్పాల్సిన స్నేహాన్ని ఒక్క చప్పుడుతో చెప్పారు.

సరిగ్గా మ్యాట్, బుల్స్‌ఐ ఇద్దరూ డాబా మీదికి చేరగానే నా టీవీ ఆగిపోయింది. ఈ అకౌంట్ చాలా పరికరాల్లో నడుస్తోంది అని ఒక నోటీసు. మళ్లీ నొక్కాను, పది సెకన్లు నడిచి మళ్లీ అదే. అవతల తమ్ముడి నుంచి "అయ్యో" అన్న మాటొకటి వినిపించింది. ఆ తర్వాత వాడేం మాట్లాడలేదు. వాడు చూశాడు, నేను చూడలేదు. వాడు పద్ధతిగా 149 రూపాయలు కట్టి మూడు నెలల మొబైల్ ప్లాన్ తీసుకున్నాడు, చిన్న ఫోన్‌లో హాయిగా చూస్తున్నాడు. ఆరేళ్ల పైన ఎదురుచూసింది ఆ ఒక్క క్షణం వాడితో కలిసి చూడాలనే. అది పోయింది.

ఎందుకు ఆగిపోయిందో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ప్రీమియంలో ఒకేసారి నాలుగు స్క్రీన్ల వరకే నడుస్తాయి. ఇలాంటి అమ్మకందారులు ఒక్కో అకౌంట్‌ని పదులమందికి అమ్ముతారు. మామూలు రోజుల్లో ఒకరు పొద్దున్న, ఒకరు రాత్రి చూస్తారు కాబట్టి బయటపడదు. మొదటి ఎపిసోడ్ వచ్చిన పూట మాత్రం అందరూ అదే నిమిషానికి నొక్కుతారు. అందుకే ఏ రోజు కోసం కొన్నామో ఆ రోజే ఇవి పనిచేయవు. అమ్మేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. ఆ కంగారులోనే రెండో దెబ్బ కొడతాడు.

నేను కోపంగా మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో చాలా మర్యాదగా జవాబొచ్చింది. "సారీ బ్రో, సర్వర్ ప్రాబ్లమ్. మీ డబ్బులు ఇప్పుడే వెనక్కి వేస్తాను. ఫోన్‌కి రిక్వెస్ట్ వస్తుంది, ఓకే చేయండి చాలు." రిక్వెస్ట్ వచ్చింది. 1,999 అని ఉంది. ఇదేంటి అంటే "సిస్టమ్‌లో అదే అమౌంట్ సెట్ అయి ఉంది బ్రో, ఎక్కువైంది నాకు తిరిగి పంపండి, మీ మీద నమ్మకం ఉంది" అన్నాడు. ఆ స్క్రీన్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నోట్ దగ్గర 'రీఫండ్' అని రాసుంది. కింద బటన్ మీద మాత్రం 'పే' అని ఉంది. చెవిలో తమ్ముడి కాల్, ఎదురుగా ఆగిపోయిన టీవీ, మనసంతా ఆ డాబా మీదే. పిన్ కొట్టేశాను. డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చేలోపే అతను చాట్ మొత్తం చెరిపేసి నన్ను బ్లాక్ చేశాడు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. అప్పట్లో ఒక మనిషి ఇంకొకరిని అలా రెండు వేలకు మించి అడగడానికి కుదరదు, అందుకే సరిగ్గా 1,999 పెట్టాడన్నమాట.

యూపీఐలో మనకు డబ్బు రావాలంటే పిన్ కొట్టాల్సిన పనే లేదు. రీఫండ్ అంటూ పిన్ అడిగితే డబ్బు పోతోందనే. ఎవరు ఏ కథ చెప్పినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నాకు వచ్చినట్టు ఒక మనిషి ఇంకొకరిని డబ్బు అడుగుతూ పంపే ఆ కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. కానీ మోసం ఆగలేదు. మా ఆఫీసు అమ్మాయికి వచ్చిన మెసేజ్‌లో 'నచ్చకపోతే క్యూఆర్ స్కాన్ చేసి రీఫండ్ తీసుకోవచ్చు' అని ముందే రాశారు. స్కాన్ చేసి పిన్ కొడితే పోయేవి మన డబ్బులే.

నేను చేసిన ఇంకో తప్పు, సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకపోవడం. చివరికి తమ్ముడే తిట్టి 1930కి ఫోన్ చేయించాడు. సైబర్ మోసాల మీద ఫిర్యాదుకి అదే నంబరు. ఏ బ్యాంకు, ఎంత, ఎన్నింటికి, లావాదేవీ తాలూకు 12 అంకెల యూటీఆర్ నంబరు అడిగారు. ఆ నంబరు మన పేమెంట్ యాప్‌లో హిస్టరీలోకి వెళ్తే కనపడుతుంది, ముందే చేతిలో పెట్టుకుని చేయండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉంటే దాన్ని అక్కడే ఆపించే వీలుంటుంది. గంటలు గడిచేకొద్దీ అది ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారిపోతుంది. నాది అప్పటికే మారిపోయింది. ఫిర్యాదు నంబరైతే ఉంది, డబ్బు రాలేదు. అదే పొద్దున్న ఎనిమిదింటికే చేసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

'ఫస్ట్ ఎపిసోడ్ ఫ్రీ' అంటూ ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో వేసుకునే యాప్‌లు, పంపేవాళ్లు కూడా ఉన్నారు. అవి అసలే వద్దు. ఇన్‌స్టాల్ చేయగానే మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతాయి, ఇచ్చామంటే మన బ్యాంకు ఓటీపీలు కూడా వాళ్ల చేతికే.

ఏదైనా కొనేముందు మీ ఫోన్ రీచార్జ్ ప్యాక్‌లో ఏమేం కలిసి వస్తాయో ఒకసారి చూసుకోండి. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం. ఆ వారం చివర్లో మా నాన్నగారి రీచార్జ్ వివరాలు చూస్తుంటే, అదే యాప్ మొబైల్ సబ్‌స్క్రిప్షన్ అందులో ఉచితంగా ఉంది. ఎవరూ వాడట్లేదు. నా రూపాయి ఒక్కటీ ఖర్చు కాకుండా ఆ బుధవారం తమ్ముడితో పాటు చూసి ఉండేవాణ్ని. తర్వాత దానిలోనే ఎపిసోడ్ మొత్తం చూశాను. చాలా బాగుంది. ముఖ్యంగా మ్యాట్, ఫిస్క్ ఇద్దరూ ఒక హోటల్లో ఎదురెదురుగా కూర్చుని, ఒక్క దెబ్బ వేసుకోకుండా, మాటలతోనే ఒకరినొకరు బెదిరించుకునే సీన్. కానీ డాబా మీద ఏం జరుగుతుందో నాకు అప్పటికే తెలిసిపోయింది. తమ్ముడి గొంతులో విన్నదే.

మా ఆఫీసు అమ్మాయి ఆ మెసేజ్ వెంటనే డిలీట్ చేయబోతే ఆపాను. డబ్బు పోకముందే ఇలాంటివి కనపడితే కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో 'చక్షు' అని ఒక భాగం ఉంటుంది, అక్కడ చెప్పొచ్చు. మెసేజ్ స్క్రీన్‌షాట్, వచ్చిన నంబరు, టైము అన్నీ పెట్టి మధ్యాహ్నం భోజనాలప్పుడు ఇద్దరం కలిసే ఫిర్యాదు పంపాం. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మీ ఫోన్లలో ఇలాంటి మెసేజ్ ఉంటే చెరిపేయకముందు ఆ పని చేయండి.