రెండేళ్ళు తొక్కాక మా పాత గేర్ సైకిల్ సంగతి

ఆరేళ్ళు మా పెరట్లో కోళ్ళగూడుకు ఆనుకుని తుప్పు పట్టిన గేర్ సైకిలిది. 26 అంగుళాల చక్రాలు, వెనక ఏడు గేర్లు, ముందు షాకులు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పాత ఇనుము కొనేవాడు మూడు వందలిస్తానంటే మా మేనకోడలు అడ్డుపడింది. "మనమే బాగుచేద్దాం మావయ్యా" అంది. అప్పుడు దానికి పదేళ్ళు.

మొదటి రోజంతా ఎడమ పెడల్‌కే సరిపోయింది. దానిది ఉల్టా మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఆ సంగతి తెలిసేలోపు పానా జారి నా వేళ్ళు చెక్కుకుపోయాయి.

చక్రాల నడిమి హబ్బుల్లో గ్రీజు ఎండి లక్కలా అయింది. లోపలి ఇనుప గుండ్లు, అదే బాల్స్, కిరసనాయిల్లో కడిగి లెక్కపెట్టే పని అమ్మాయిది. చదివేది ఒడియా బడిలో కదా, లెక్కంతా ఏక, దుయి, తిని. ముందు చక్రానికి ఒక్కో వైపు పది, వెనకదానికి కాస్త పెద్దవి తొమ్మిదేసి. ముందువి పందొమ్మిదే తేలాయి. ఫరవాలేదులే అన్నాను. ఒప్పుకోలేదు. గంట వెదికి ఇరవయ్యోదాన్ని కోళ్ళగూడు కింద నుంచి తెచ్చింది. రెండేళ్ళయినా ఆ చక్రం చప్పుడు లేకుండా తిరుగుతోంది.

చైను దగ్గర నేను పిసినారితనం చేశాను. పిన్నుకూ పిన్నుకూ అర అంగుళం, అంటే 24 అరలకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఎనిమిదో వంతు అంగుళం పెరిగితే చైను మార్చాల్సిందే. మాది పావు అంగుళం సాగింది. చైను ఒక్కటే మార్చాను. వెనక చక్రానికి గేర్ల పళ్ళుండే ఫ్రీవీల్ అరిగిపోయింది, దాని మీద కొత్త చైను ఎత్తు ఎక్కినప్పుడల్లా జారేది. చివరికి ఫ్రీవీల్ కూడా కొనక తప్పలేదు. టైర్లు, ట్యూబులు, బ్రేకు వైర్లతో కలిపి ఖర్చు 2,100 రూపాయలు దాటింది.

పాతపట్నం సంతకు వెళ్ళిరావడానికి బండి భేషుగ్గా ఉంది. ట్యూబుకు మోటార్‌సైకిల్ రకం వాల్వు కాబట్టి పెట్రోలు బంకులోనే గాలి కొట్టించుకోవచ్చు. ముందు షాకులు మాత్రం బిగుసుకుపోయాయి, ఉత్త బరువు. తుప్పు పూర్తిగా గీకకుండా కొట్టిన స్ప్రే రంగు మొదటి వానాకాలానికే పెచ్చులూడింది. మళ్ళీ చేస్తే ఆ డబ్బులు గ్రీజుకే పెడతాను.

ఇప్పుడు సైకిల్ అమ్మాయిదే. కాళ్ళు నేలకు అందుతున్నాయి. మొన్నటి నుంచి పెడళ్ళ మధ్య ఇరుసు దగ్గర టక్కుటక్కుమంటోంది. ఆదివారం విప్పుతుందట. పానా తను పడుతుందట, బాల్స్ నన్ను లెక్కపెట్టమంది.