మినీ ట్రాక్టరు, 12 వోల్టుల స్ప్రే పంపు, మధ్యలో ఒక వైరు: నాలుగేళ్ల తర్వాత

ఇది పంపు మీద సమీక్ష అనుకుని వచ్చినవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, పంపు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. బాగుంది. నాలుగేళ్లలో ఒకసారి డయాఫ్రం (లోపల ఊగుతూ నీటిని తోసే రబ్బరు పొర), ఒకసారి ప్రెషర్ స్విచ్ (ప్రెషర్ నిండగానే మోటారును ఆపేది) మార్చాను, అంతే. నన్ను ఏడిపించింది పంపుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరు. అందుకే ఈ రాతంతా దాని గురించే.

బండి 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు. వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్ లింకేజీకి 200 లీటర్ల ట్యాంకున్న ఫ్రేము, ఫ్రేము మీద డయాఫ్రం పంపు, రెండు వైపులా నాజిళ్ల పైపు. పంపు స్టిక్కరు మీద 12 వోల్టులు, 8 ఆంపియర్లు అని ఉంది. పంపుతో పాటు ఒక వైరింగ్ కిట్ కూడా వచ్చింది. పొడవాటి ఎర్ర వైరు, ఒక స్విచ్, ఫ్యూజు హోల్డరు, చివర్లో లగ్గులు (వైరు కొసకు బిగించే లోహపు ముక్కలు). నెగటివ్‌కి మాత్రం జానెడు నల్ల వైరు ఇచ్చి, ఫ్రేముకు బోల్టు వేసి బిగించుకోమన్నారు. అరగంటలో అయిపోయింది. స్విచ్ వేయగానే నాజిళ్లు విసనకర్ర విప్పినట్టు జల్లు పట్టాయి. ఆ రోజు రాసి ఉంటే ఐదుకు ఐదు ఇచ్చేవాణ్ణి.

రెండు నెలలు తిరక్కుండానే ఆ విసనకర్ర ముడుచుకుపోయింది. చివరి నాజిళ్ల దగ్గర జల్లు బదులు సన్నటి ధార. ఫిల్టరు కడిగాను, నాజిళ్లు విప్పి బ్రష్షుతో రుద్దాను, వాల్వులు చూశాను. ఏమీ మారలేదు. మెకానిక్ చెవి పెట్టి విని, "పంపు పోయింది, మార్చెయ్యండి" అన్నాడు. కొత్త పంపు కొనబోతుండగా, మోటార్లు చుట్టే కుర్రాడొకడు వోల్టు మీటరు పట్టుకుని వచ్చాడు. పంపు నడుస్తుండగానే దాని రెండు టెర్మినళ్ల మీద ముళ్లు ఆనించాడు. 10.6. బ్యాటరీ మీద ఆనిస్తే 13.4. "పంపుకేం కాలేదన్నా, దానికి కరెంటు అందట్లేదు" అన్నాడు.

ఆ తర్వాత అతను చేసిన పరీక్ష ఒక్కటి నేర్చుకుంటే చాలు, సగం గొడవలు తీరిపోతాయి. పంపు ఆడుతూనే ఉండాలి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది పంపు పాజిటివ్ మీద. అక్కడ ఎంత చూపిస్తే అంత దారిలో పోతున్నట్టే. నాకు 1.3 వోల్టులు వచ్చింది. తర్వాత బ్యాటరీ నెగటివ్ నుంచి పంపు నెగటివ్‌కి పెడితే 1.5. రెండూ కలిపితే 2.8, సరిగ్గా పంపు దగ్గర తక్కువ వస్తున్నంత. పంపు ఆపేసి కొలిస్తే మాత్రం రెండు చోట్లా సున్నా, అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. లోడు లేకుండా కొలిచి "వోల్టేజీ బానే ఉంది" అనుకునేవాళ్లు అందుకే మోసపోతారు. నేనూ అంతకుముందు రెండుసార్లు అలాగే కొలిచాను.

పాజిటివ్ వైపు పాపం కిట్‌ది. ఎర్ర వైరు చివర తొక్క తీసి చూస్తే లోపల రాగి 0.75 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటరు), పైన తొడుగు మాత్రం వేలి లావు. మీటరు పొడవుకు 0.023 ఓం చొప్పున, మూడున్నర మీటర్లకు 8 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు పైనే పోతుంది. మిగతాది స్విచ్ దగ్గర పోయింది. స్విచ్ వెనకాల ఉన్న చిన్న స్పేడ్ టెర్మినల్ లాగితే ప్లాస్టిక్‌తో సహా ఊడొచ్చింది. తెల్ల ప్లాస్టిక్ బిస్కెట్ రంగుకు తిరిగి, ఇత్తడి రేకు నల్లబడి, వైరు చివర రాగి పోగులు పచ్చటి బూజు పట్టి ఉన్నాయి. ప్రెస్ చేసిన లగ్గులో గట్టిగా పట్టుకున్నవి నాలుగైదు పోగులే. 8 ఆంపియర్లూ ఆ నాలుగైదు పోగుల మీదుగానే పోతున్నాయి.

నెగటివ్ వైపు తప్పు నాదే అనుకోవాలి, ఎందుకంటే ఆలోచించకుండా చెప్పింది చేశాను. పంపు నెగటివ్ ఫ్రేముకు, ఫ్రేము లింకేజీ పిన్నులకు, పిన్నులు ట్రాక్టరు బాడీకి. కొత్తలో ఆ ఇనుమంతా శుభ్రంగా ఉంది. తర్వాత పిన్నుల చుట్టూ తుప్పు, గ్రీజు, ఎండిన బురద. అందులోంచి కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి. వెనక కట్టే ఏ పనిముట్టుకైనా ఎర్త్ కోసం లింకేజీని నమ్ముకోవద్దు. నల్ల వైరు కూడా ఎర్ర వైరంత లావుది, బ్యాటరీ నెగటివ్ దాకా తెచ్చి కట్టుకోవాలి.

కిట్‌లో నాకు అసలు మింగుడుపడనిది ఫ్యూజు. 0.75 వైరుకు పచ్చ ఫ్యూజు ఇచ్చారు, అంటే 30 ఆంపియర్లు. వైరు కాలిపోయాక కూడా ఆ ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది. పైగా దాన్ని స్విచ్ పక్కన పెట్టారు. బ్యాటరీ నుంచి స్విచ్ దాకా ఉన్న మీటరున్నర వైరుకు రక్షణే లేదు. ఆ ముక్క బానెట్ కీలు పక్కగా పోతుంది. వైరంతా విప్పుతున్నప్పుడు చూస్తే అక్కడ తొడుగు ఒరుసుకుపోయి రాగి తళతళలాడుతోంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే డీజిల్ పైపు పక్కన నిప్పు రాజుకునేది. ఫ్యూజు పంపును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. దాని చోటు బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరంలో.

రెండోసారి పని నేనే చేసుకున్నాను, ఆదివారమంతా పట్టింది. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాను. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిన మరుక్షణం రవ్వలు. నెగటివ్ తీసేశాక స్పానర్ ఎక్కడ తగిలినా భయం లేదు. బిగించేటప్పుడు తిరగేసి, నెగటివ్ చివర. వైరు 2.5 ఎస్‌క్యూ ఎంఎం, ఎర్రా నల్లా రెండూ బ్యాటరీ నుంచి వెనక దాకా. బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు, మూతున్న హోల్డరులో. తర్వాత మామూలు కారు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్. దాని పిన్నులకు అంకెలుంటాయి. 30కి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87 నుంచి పంపుకు, 85 ఎర్త్‌కి, 86కి డ్యాష్‌బోర్డు స్విచ్ నుంచి సన్న వైరు. ఆ స్విచ్‌కి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకున్నాను. రిలే కాయిల్ తాగేది 0.2 ఆంపియరు కూడా ఉండదు కాబట్టి స్విచ్ వేడెక్కే మాటే లేదు. తాళం తీస్తే పంపూ ఆగిపోతుంది. అంతకుముందు ఒకసారి పంపు ఆపడం మరిచి ఇంటికి పోయి, పొద్దున సెల్ఫ్ కొడితే టిక్కుటిక్కుమంది.

చాలామంది హెడ్‌లైట్ వైరు కోసి అందులోంచి పంపుకు లాగుతారు. పని జరుగుతుంది, కొన్నాళ్లు. కానీ ఆ వైరు, ఆ స్విచ్ లైట్ల లెక్కకు వేసినవి. పంపు మోటారు మొదలయ్యే క్షణంలో స్టిక్కరు మీది 8 ఆంపియర్లకు ఎంతో ఎక్కువ లాగుతుంది. ఆ వైరో స్విచ్చో పోయిన రోజు పంపుతో పాటు లైట్లూ పోతాయి.

వెనక ఊడదీయడానికి మొదట సిగరెట్ లైటర్ తరహా సాకెట్ పెట్టాను. దండగ. గతుకుల్లో ప్లగ్గు జారి లూజవుతుంది, స్ప్రింగు వేడెక్కుతుంది, పంపు ఆగుతూ నడుస్తుంది. మూడు వారాల్లో పీకేసి, ట్రాక్టర్ల కోసమే చేసే మూడు పిన్నుల సాకెట్ పెట్టాను. 25 ఆంపియర్లు మోస్తుంది, తిరగేసి గుచ్చుదామన్నా కుదరదు, స్ప్రింగు మూత ఉంటుంది. మొత్తం సామానులో నాకు బాగా నచ్చింది ఇదే.

కొత్త వైరింగుతో పంపు దగ్గర 12.9 వచ్చింది. అదే పాత పంపు, అవే నాజిళ్లు. విసనకర్ర మళ్లీ విచ్చుకుంది.

ఆ తర్వాత కూడా అంతా నున్నగా నడవలేదు. రిలేను వైర్లు పైకి ఉండేలా బిగించాను, అందుకోవడానికి వీలుగా ఉంటుందని. రెండో ఏడు వానలకు, బండి కడిగిన నీళ్లకు, వైర్ల వెంట నీరు దిగి రిలే పాదాల్లో నిలిచి 87 పిన్ను పచ్చబడింది. ఇప్పుడు పిన్నులు కిందికి చూసేలా తిప్పాను, వైరు రిలే దాకా వచ్చేముందు కాస్త కిందికి వేలాడి పైకి ఎక్కుతుంది, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. మళ్లీ తడి తగల్లేదు.

రెండోది డైనమో లెక్క. నా బండి డైనమో 20 ఆంపియర్లది, అదీ ఇంజిన్ బాగా తిరిగినప్పుడు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు కలిసి 9 ఆంపియర్లు, పంపు 8, బండి సొంత అవసరాలు ఒకటో రెండో. పగలు ఏ ఇబ్బందీ లేదు. చీకటి పడ్డాక లైట్లు వేసి మందు కొడితే, మలుపుల్లో ఇంజిన్ నెమ్మదించగానే లోటు బ్యాటరీ నుంచి పోతుంది. డ్యాష్‌బోర్డులో చిన్న వోల్టు మీటరు పెట్టుకున్నాక ఇది కళ్లకు కనబడింది. రేజ్ ఇస్తే 13.9, ఐడిల్లో లైట్లు, పంపు రెండూ ఉంటే 12.3. హెడ్‌లైట్లు ఎల్ఈడీకి మార్చాక ఆ బాధ పోయింది. మీరు ఇంకేదైనా తగిలించబోతే ముందు డైనమో మీది అంకె చదవండి, తర్వాత బండి ఇప్పటికే తాగుతున్నది కూడండి.

ప్రెషర్ స్విచ్ పోవడానికి కారణం వైరు కాదు, నా నాజిళ్లు. సన్న నాజిళ్లు వేసినప్పుడు పంపు తోసేంత నీరు బయటికి పోక, ప్రెషర్ నిండి స్విచ్ కట్టేస్తుంది, క్షణంలో మళ్లీ వేస్తుంది. టకటకటకా. ఆ ప్రతి టక్కుకూ మోటారు మొదలయ్యే పెద్ద కరెంటు ఆ చిన్న కాంటాక్టుల మీదుగా పోతుంది. కాలిపోక ఏం చేస్తాయి. ట్యాంకులోకి తిరిగి పోయే ఒక బైపాస్ పైపు, దానికో వాల్వు పెట్టాను. పంపు ఆగకుండా నడుస్తుంది, తిరిగొచ్చే నీరు ట్యాంకులో మందును కలుపుతూ కూడా ఉంటుంది.

లగ్గుల విషయంలో ఒక మాట. మొదట్లో టంకం పెడితే గట్టి అనుకున్నాను. ట్రాక్టరు అదురుకు టంకం ఆగిన చోట వైరు పెళుసై తెగింది, ఒకసారి కాదు, రెండుసార్లు. లగ్గును నొక్కి బిగించే మంచి క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని పట్టేసే గొట్టం) వేసినవి మూడేళ్లుగా కదల్లేదు.

మార్కులు వేయమంటే: పంపుకు నాలుగున్నర, సాకెట్‌కు ఐదు, రిలేకు నాలుగు, కిట్‌లో వచ్చిన వైరుకు సున్నా. కిట్‌లో పనికొచ్చింది ఫ్యూజు హోల్డరు ఒక్కటే. అది ఇప్పటికీ పనిచేస్తోంది, నీలం ఫ్యూజుతో, సరైన చోట.

పోయిన నెల షెడ్డులోంచి బండి తీస్తే స్విచ్ వేసినా పంపు ఉలకలేదు. ఈసారి మీటరు కూడా అక్కర్లేకపోయింది. సీటు కింద గీతల పైపులో పోయే వైర్లను ఎలుక పైపుతో సహా కొరికి, ఎర్ర వైరు తొడుగును బెత్తెడు మేర శుభ్రంగా ఒలిచి పెట్టింది. అది బాడీకి తగిలి నీలం ఫ్యూజు కాలిపోయింది. వైరుకు మసి కూడా అంటలేదు. ఆ ముక్క కోసి కొత్తది వేశాను. ఎలుక ఇంకా దొరకలేదు.